గీకని గుర్తు

ఆ బజారులో ఆవిడ అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరికీ అద్దాలక్కే. ఆవిడకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు. ఫోను చేతిలోంచి జారి అద్దం బీటలు వారిందంటే చాలు, "అద్దాలక్క దగ్గరికి తీసుకుపో" అనే మాట ఆ చుట్టుపక్కల ఎవరి నోటనైనా వచ్చేది.

కొట్టు అంటే పెద్ద కొట్టనుకునేరు. మేడమెట్ల కింద, తాళాలు బాగుచేసే ముసలాయనకూ జిరాక్సు మిషనుకూ మధ్య, బీరువాకంటే కాస్త వెడల్పైన జాగా. కూర్చుంటే మోకాళ్ళు బల్లకు తగిలేవి. ఒళ్ళున్న మనిషెవరైనా ఫోను పట్టుకుని వస్తే, "సగం మీరు లోపలికి రండి, మిగతా సగాన్ని బయట నిలబెట్టండి" అనేది. వచ్చినవాళ్ళు పగిలిన ఫోను ఏడుపు మరిచిపోయి నవ్వేవాళ్ళు.

ఆవిడ చేసే పని గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగిన దారుణం అర్థం కాదు. ఫోను తెర ఒకటే వస్తువని మనమంతా అనుకుంటాం. కాదు. పైన ఉండేది ఉత్త అద్దం. దాని కింద బొమ్మ కనిపించే పలక. రెండూ జిగురుతో అతుక్కుని ఉంటాయి. ఫోను కింద పడితే చాలాసార్లు పగిలేది పైనున్న అద్దమే, పలకకు ఏమీ కాదు. కానీ కంపెనీ సర్వీసు సెంటరుకు వెళితే రెండూ కలిపి పీకేసి కొత్తవి వేస్తామంటారు. ఆ ధర వింటే కొత్త ఫోను కొనుక్కోవడమే నయమనిపిస్తుంది. అనిపించాలనే ఆ ధర పెట్టారు లెండి, అది వేరే సంగతి.

అద్దాలక్క ఆ అతుకు విడదీసేది. తెరను వేడి పళ్ళెం మీద పెట్టి, జిగురు మెత్తబడ్డాక, వెంట్రుకంత తీగను అద్దానికీ పలకకూ మధ్య దూర్చి, ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా లాగేది. చెయ్యి కాస్త వణికిందా, పలక చచ్చిపోతుంది. అందుకే తీగ చేతిలో ఉన్నంతసేపూ ఎవరు పిలిచినా పలికేది కాదు. కొట్టు ముందు కూర్చునే ఆవిడ అత్తగారు, "దాని చేతిలో తీగ ఉంటే పక్కన పిడుగు పడినా తల తిప్పదు" అని వచ్చినవాళ్ళకు గొప్పగా చెప్పుకునేది.

పాత అద్దం తీసి, జిగురు తుడిచి, కొత్త అద్దం అతికించి ఆరబెట్టేసరికి ఒక పూట పడుతుంది. ఈ రోజుల్లో ఒక పూట ఫోను లేకుండా ఉండమంటే ఉంటారా ఎవరైనా? ప్రాణం పోయినంత పని చేస్తారు. అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. ముందే బాగుచేసి సొరుగులో పెట్టుకున్న తెర ఒకటి తీసి వచ్చినవాళ్ళ ఫోనుకు బిగించేసేది. వాళ్ళ పగిలిన తెరను తాను ఉంచుకుని, తీరిగ్గా బాగుచేసి ఆ తర్వాత వచ్చేవాళ్ళకు వేసేది. ఇలా ఒకరి తెర ఒకరికి తిరుగుతూ ఉండేది. ఎవరికీ నష్టం లేదు, అందరికీ పని అయ్యేది.

కొట్టు పెట్టిన కొత్తలో ఒకావిడ వచ్చి పెద్ద రాద్ధాంతం చేసింది. "నా మంచి తెర కాజేసి ఏదో చెత్త అంటగట్టావు" అని బజారంతా వినేలా నోరు పారేసుకుంది. అద్దాలక్కకు తల కొట్టేసినట్టయింది. మళ్ళీ ఫోను విప్పి చూపించేదాకా ఆవిడ శాంతించలేదు. పలక వెనక నుంచి సన్నటి పట్టీ ఒకటి వస్తుంది. దాని మీద ఆవగింజంత కంపెనీ గుర్తు ఉంటుంది. ఆ గుర్తు చూశాకే ఆవిడ నోరు మూసింది. అప్పటి నుంచి అద్దాలక్క ప్రతి ఫోనుకూ మూత వేసే ముందు భూతద్దం కస్టమరు చేతికిచ్చి, తాను లైటు పట్టుకుని, "చూసుకోండి, పలక కంపెనీదే. పైన అద్దం మాత్రం బయటిది. తర్వాత నన్ను అనకూడదు" అనేది. చూడనంటే ఊరుకునేది కాదు. తొందరలో ఉన్నవాళ్ళు విసుక్కున్నా సరే, చూసి తీరాల్సిందే.

రోడ్డుకు అవతలి పక్క ఇంకో కొట్టుండేది. అతన్ని అందరూ చౌక తమ్ముడు అనేవాళ్ళు. అతను వేసే తెరలకు తల్లీ తండ్రీ ఉండరు. ఎక్కడో ఎవరో చేసిన సరుకు, గుర్తూ లేదు గిర్తూ లేదు. నాలుగు నెలలకు రంగులు పోయి, మొహాలన్నీ పచ్చగా కనిపించేవి. అయినా అతను చెడ్డవాడేం కాదు, మాట మంచిది. ఒకరోజు టీ తాగుతూ అన్నాడు.

"అక్కా, ఆ పట్టీ మీద గుర్తు గీకెయ్. లేదంటే నల్ల మార్కరుతో పులిమెయ్. కంపెనీవాళ్ళకి ఆ గుర్తంటే ప్రాణం. ఎప్పుడో నీ మీద పడతారు."

"దొంగ సొత్తయితే గీకాలి. నిఖార్సయిన సరుకు మీద గుర్తు నేనెందుకు గీకుతానురా? గీకితే జనానికి ఏం చూపించి నమ్మించాలి?"

"జనానికి ఫోను వెలిగితే చాలక్కా. నువ్వు చూపించేది ఎవడు చూస్తున్నాడు?"

"నేను చూస్తున్నా కదా" అంది అద్దాలక్క. అక్కడితో ఆ మాట అయిపోయింది.

అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వచ్చి, కొట్టు ముందు స్టూలు వేసుకుని సాయంత్రం దాకా కూర్చునేది. కోడలి గొప్పలు చెప్పడమే ఆవిడ ఉద్యోగం. "నా కోడలి చేతిలో పడితే చచ్చిన ఫోను లేచి కూర్చుంటుంది" అనేది. కొడుకు సిటీ బస్సు డ్రైవరు, మంచివాడే, కానీ ఎవరు చెయ్యి చాచినా జేబు ఖాళీ చేసేసే రకం. హామీ సంతకాలు పెట్టి రెండుసార్లు చేతులు కాల్చుకున్నాడు కూడా. అందుకని ఆవిడ, తన మొగుడు కట్టిన రెండు గదుల ఇంటిని కొడుకు పేర కాకుండా కోడలి పేర రాసింది. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. "వాడి పేర రాస్తే స్నేహితులకు ధారపోస్తాడు. దీని పేర రాస్తే ఇల్లు ఇల్లుగా ఉంటుంది" అని ఆవిడ పుల్ల విరిచినట్టు చెప్పేసింది.

అలా రోజులు బాగానే గడుస్తుండగా తెల్లచొక్కా అతను వచ్చాడు.

చాలా మర్యాదస్థుడు. చెప్పులు కూడా పక్కకు విడిచి నిలబడ్డాడు. ఫోను ఇచ్చి, "మేడమ్, తెర ఒరిజినలే వేస్తారా?" అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఎవరూ అంత శ్రద్ధగా అడగలేదు. అద్దాలక్క పొంగిపోయింది. మూత వేసే ముందు భూతద్దం ఇచ్చింది, లైటు పట్టుకుంది. అతను కళ్ళింత చేసుకుని చూశాడు. "ఫొటో తీసుకోవచ్చా?" అన్నాడు. "తీసుకోండి బాబూ, దానికేం" అంది. వెలుతురు సరిగా పడటం లేదంటే, ఫొటోలో గుర్తు స్పష్టంగా రావాలని లైటు తానే అటూ ఇటూ జరిపింది! "ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అని అడిగితే సొరుగు మొత్తం లాగి చూపించింది. అత్తగారు అతనికి చల్లటి నీళ్ళిచ్చింది. "ఇంత నిజాయితీగా పనిచేసేవాళ్ళు ఎక్కడా లేరండీ" అని అతను దండం పెట్టి మరీ వెళ్ళాడు.

ఆ వెధవ ఆ మాట అనకుండా వెళ్ళినా బాగుండేది.

కొన్నాళ్ళకు కోర్టు మనిషి, కంపెనీ లాయరు, వెనక ఒక కానిస్టేబులు వచ్చారు. కంపెనీ పంపగా వచ్చిన ఆ తెల్లచొక్కా అతను తీసిన ఫొటోలు చూపించారు. కంపెనీ గుర్తున్న నకిలీ తెరలు అమ్ముతున్నట్టు ఫిర్యాదట. సొరుగు సొరుగంతా సంచుల్లోకి ఒంపి, సీలు వేసి పట్టుకుపోయారు. "నకిలీవి కావండీ, ఇవి మీవే, కావాలంటే వెలిగించి చూపిస్తాను" అని అద్దాలక్క వాళ్ళ వెంటపడింది. ఎవరూ ఆగలేదు. బజారంతా పనులు మానుకుని చూస్తోంది. స్టూలు మీదున్న అత్తగారు లేచి నిలబడి, "ఎవర్రా నకిలీ? మీ అబ్బలు చేశార్రా నకిలీ! నా కోడల్ని అనేముందు నోరు కడుక్కోండి!" అని ఎలుగెత్తింది. కానిస్టేబులు కూడా రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ తర్వాత కూడా వారం రోజులపాటు, ఆ దారిన పోయే ప్రతివాణ్ణీ ఆపి, తన కోడలు ఎలాంటిదో చెప్పి పంపింది.

అద్దాలక్క ఒక లాయరును పట్టుకుంది. పాతకాలపు మనిషి, ఉన్నదున్నట్టు చెప్పే రకం. అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, ఎవరి తెర వాళ్ళకే బాగుచేసి ఇచ్చుంటే ఈ గొడవే ఉండేది కాదు. మీరు ఒకరి తెర ఇంకొకరికి వేశారు. అంటే అమ్మినట్టు లెక్క. అమ్మిన సరుకు కంపెనీ చేసినట్టుగా లేదు, అద్దం మీరు వేసింది. కానీ దాని మీద గుర్తు వాళ్ళది. ఇదీ వాళ్ళ వాదన."

"మరి మా ఎదురు కొట్టులో శుద్ధ నకిలీ వేస్తున్నాడు కదండీ? అతన్నేం అనరా?"

"దాని మీద వాళ్ళ గుర్తు లేదు కదమ్మా."

విన్నారా విడ్డూరం? అడ్రసు లేని నకిలీ సరుకు హాయిగా అమ్ముకోవచ్చు. అసలైన సరుకు మీద అసలైన గుర్తుంటే అది నకిలీ! అద్దాలక్కకు నవ్వొచ్చింది.

"కేసు గెలవచ్చా?" అని అడిగింది.

"గెలవచ్చు. మీ వైపు చాలా బలముంది. కానీ ఇక్కడ గెలిస్తే వాళ్ళు పైకోర్టుకు వెళతారు. వాళ్ళకు కేసు నడపడమే పని, దానికి జీతాలున్నాయి. మీకు కొట్టు తెరిస్తేనే పూట గడిచేది. ఈలోపు ఎక్కడైనా ఓడిపోతే, నష్టపరిహారం కింద మీ పేర ఉన్న ఆస్తి జప్తు చెయ్యమంటారు. మీ పేర ఏముంది?"

ఆవిడ పేర ఉన్నది ఒక్క ఇల్లు. అదీ అత్తగారు నమ్మి రాసిచ్చిన ఇల్లు.

రాజీకి రమ్మని కంపెనీ లాయరే కబురు పెట్టింది. చిన్నవయసు పిల్ల, ఎంతో మెత్తగా మాట్లాడింది, ఆంటీ అని పిలిచింది, ఏసీ చలిగా ఉందేమోనని తగ్గించింది కూడా. బల్ల మీద కాగితం పెట్టింది. తెరలన్నీ కంపెనీకి వదిలెయ్యాలి, వాళ్ళు తుక్కు చేస్తారు. ఇకముందు ఆ గుర్తున్న తెర ముట్టుకోకూడదు. అవి నకిలీవని తెలిసే అమ్మానని ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. ఆ ఒప్పుకోలు కొట్టు ముందు అంటించాలి. అది అబద్ధమని బయట ఎక్కడా చెప్పకూడదు. ఇవన్నీ చేస్తే కేసు ఎత్తేస్తారు.

అద్దాలక్క కాగితం రెండుసార్లు చదివింది.

"తెరలు తీసుకోండమ్మా. ఆ పనీ మానేస్తాను. కావాలంటే కొట్టే మూసేస్తాను. ఆ నకిలీ అన్న మాటొక్కటి తీసెయ్యండి. పాతవని రాయండి, అతికినవని రాయండి, మీకెలా తోస్తే అలా రాయండి. ఆ మాట వద్దు."

ఆ పిల్ల పాపం, అబద్ధం చెప్పడం రాక కాబోలు, నిజమే చెప్పింది.

"ఆంటీ, మాకు కావలసింది ఆ మాటే. మీ తెరలు మేమేం చేసుకుంటాం? మీ వీధిలో ఇంకా ఇలాంటి కొట్లున్నాయి కదా. వాళ్ళకు చూపించడానికి."

ఇంటికొచ్చి జరిగింది చెప్పింది. మొగుడు వెంటనే, "పెట్టి పారెయ్యవే. ఒక్క మాటేగా? మాటకు గోడలు కూలవు. ఇల్లు పోతే అమ్మనెక్కడ పెడదాం?" అన్నాడు. బస్సు నడిపేవాడికి అడ్డమొచ్చినదాన్ని తప్పించుకుని పోవడం అలవాటు. తప్పేమీ లేదు.

అత్తగారు మంచం మీద నుంచే గయ్యిమంది. "నువ్వు నోర్ముయ్యరా. హామీ సంతకాలు పెట్టీ పెట్టీ సంతకమంటే లెక్కలేకుండా పోయింది నీకు. అమ్మాయ్, నువ్వు పెట్టకు. ఇల్లు పోతే పోనీ, ఎక్కడో అద్దెకుందాం. చెయ్యని తప్పు చేశానని రాసిస్తే ఆ బజారులో నేనెలా కూర్చుంటాను?"

అలా అన్నదే గానీ, మాట పూర్తయ్యేసరికి ఆవిడకు ఆయాసం వచ్చింది. మంచం పక్క గోడను పట్టుకుని కూర్చుంది. ఆ గోడ మొగుడు తన చేత్తో కట్టాడని ఎన్నోసార్లు చెప్పింది. కళ్ళు మూస్తే ఈ గదిలోనే మూస్తానని ఎన్నోసార్లు అంది. అద్దె గదిలో, మేడ మీద, నీళ్ళ కోసం మెట్లెక్కి దిగుతూ ఈ ముసలావిడను ఊహించుకునేసరికి అద్దాలక్కకు ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మో, నా వల్ల కాదు అనుకుంది.

రెండ్రోజులు తనలో తనే నలిగిపోయింది. ఆ తర్వాత అత్తగారికి చెప్పకుండా వెళ్ళి సంతకం పెట్టేసింది. తీగ పట్టుకున్నప్పటిలాగే తల తిప్పకుండా పెట్టింది. ఆ పిల్ల లాయరు ఇంకో కాపీ ముందుకు జరిపి, "ఇక్కడ కూడా ఆంటీ" అంది.

కంపెనీ మనుషులే వచ్చి కాగితం అంటించారు. కొట్టు చెక్క తలుపు మీద, పెద్ద పెద్ద అక్షరాలతో. అడుగున అద్దాలక్క సంతకం. ఆ సంతకంలో ఉన్న అసలు పేరు చూసి, ఇదెవరి పేరని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. చౌక తమ్ముడు రోడ్డు దాటి వచ్చి చదివి, మొహం చిన్నబుచ్చుకుని, "పోనీలే అక్కా. ఇక నా దగ్గర సరుకు తీసుకో, తక్కువకే ఇస్తా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. జిరాక్సు అతనైతే మర్నాటి నుంచి, బాగుచేయిస్తానన్న తన ఫోను మాటే ఎత్తలేదు.

మధ్యాహ్నం అత్తగారు క్యారేజీతో వచ్చింది. తలుపు మీద కాగితం చూసి, కళ్ళజోడు సర్దుకుని, పెదాలు కదుపుతూ చివరిదాకా చదివింది. అందరూ ఆవిడనే చూస్తున్నారు, ఇప్పుడెవరి మీద లేస్తుందోనని. ఆవిడ క్యారేజీ బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

సాయంత్రం అద్దాలక్క ఇంటికి వచ్చేసరికి మంచం మీద కూర్చుని ఉంది.

"ఆ సంతకం నీదేనా?"

"నాదే అత్తయ్యా."

"ఎవరూ బెదిరించి పెట్టించలేదుగా?"

"లేదు. నేనే పెట్టాను. ఇంటి కోసం పెట్టాను. అవి నకిలీవి కావు అత్తయ్యా, మీకు తెలుసు కదా."

ముసలావిడ చాలాసేపు కోడలి మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమే ఉండి ఉంటే అద్దాలక్క భరించేది.

"నా కొడుకు దేనిమీద పడితే దానిమీద పెడతాడు సంతకం. నువ్వట్లా కాదు. నీ ప్రాణం పోయినా అబద్ధం మీద సంతకం పెట్టవు. నాకు తెలియదా? ఆ నమ్మకంతోనేగా ఇల్లు నీ పేర రాశాను." కోడలి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వు పెట్టావంటే అది నిజమే అయ్యుంటుంది. ఇన్నాళ్ళూ చెప్పుకోలేక లోపల ఎంత కుమిలిపోయావో. పోనీలే తల్లీ. ఇల్లు గడవాలని చేశావు. నేను నిన్నేమీ అనను."

"అత్తయ్యా, అది కాదు…"

"నువ్వేం చెప్పకు. నాకు అర్థమైంది" అని ఆవిడ కోడలి తల నిమిరింది.

ఏమని చెప్పాలి అద్దాలక్క? అబద్ధం మీద సంతకం పెట్టానని ఒప్పించాలంటే, ఆ మనిషి ఇన్నేళ్ళుగా నమ్ముకున్నదాన్ని తన చేత్తోనే విరిచెయ్యాలి. ఒప్పించకపోతే, దొంగనని ఒప్పుకున్నట్టే. ఇంట్లో ఎవరూ చూడకుండా స్నానాల గదిలోకి వెళ్ళి, నీళ్ళు వదిలిపెట్టి ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారు మామూలుగానే క్యారేజీ తెచ్చి స్టూలు మీద కూర్చుంది. కాసేపటికి వీధి చివరి దర్జీ ఆయన ఫోను పట్టుకుని విసురుగా వచ్చాడు. కాగితం సంగతి విని వచ్చాడు. "నాకు భూతద్దం ఇచ్చి మరీ చూపించావు కదమ్మా! అంత నాటకం ఆడతావా? మేమంతా వెర్రివాళ్ళమా?" అని అందరూ వినేలా అడిగాడు.

అద్దాలక్క తలెత్తేలోపే స్టూలు కదిలిన చప్పుడైంది. ముసలావిడ లేచి నిలబడింది. కానిస్టేబులును వెనక్కి నడిపించిన ఆ ముసలావిడ, దర్జీ ముందు రెండు చేతులూ జోడించింది.

"తప్పయిపోయింది బాబూ. చిన్నది, తెలియక చేసింది. ఇకమీదట చెయ్యదు. నా మొహం చూసి వదిలెయ్యండి." కోడలి వైపు తిరిగి, గొంతు తగ్గించి, "నువ్వూ ఒక మాట అనవే" అంది.

బజారు మొత్తం చూస్తోంది. అత్తగారి చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

"తప్పయిందండీ" అంది అద్దాలక్క.